ఆదిపురుష్ దారా, హనుమాన్ దారా?

దేవుడి సినిమా తీస్తే డబ్బులొస్తాయని ఇండస్ట్రీ మొత్తం నమ్మేస్తోంది, కానీ ఎలా తీస్తే వస్తాయో కూడా చూడాలి కదా. 2023 జూన్‌లో ఆదిపురుష్ వచ్చింది, ప్రభాస్ రాముడు, వందల కోట్ల బడ్జెట్, ప్రతి థియేటర్లో హనుమంతుడి కోసం ఒక సీటు ఖాళీగా ఉంచారు, ఓపెనింగ్స్ అదిరిపోయాయి. తర్వాత? హనుమంతుడి నోట ఆ మాటలేంటని జనం మండిపడితే డైలాగులు మార్చాల్సి వచ్చింది, గ్రాఫిక్స్ సంగతి సరే సరి, వీకెండ్ అయ్యాక కలెక్షన్లు ఢమాల్.

2024 సంక్రాంతికి హనుమాన్. తేజ సజ్జా హీరో, ప్రశాంత్ వర్మ డైరెక్టర్, ఖర్చు ఆదిపురుష్‌తో పోలిస్తే చాలా చాలా తక్కువ, అదే రోజు గుంటూరు కారం కూడా ఉండటంతో మొదట్లో హైదరాబాద్‌లో థియేటర్లు కూడా సరిగ్గా దొరకలేదు, అయినా టాక్ బాగుండటంతో షోలు పెరుగుతూనే పోయాయి. రామాయణం మళ్ళీ మొత్తం చెప్పకుండా అంజనాద్రి అనే ఊళ్ళో ఓ మామూలు కుర్రాడి కథలోకి స్వామిని తీసుకొచ్చారు, భక్తి ఎక్కడా తగ్గలేదు, పిల్లలకీ నచ్చింది. టికెట్‌కి 5 రూపాయలు అయోధ్య గుడికిస్తామన్నారు కూడా.

నాకైతే హనుమాన్ దారే కరెక్ట్. ఇప్పుడు బాలీవుడ్‌లో రణబీర్‌తో రామాయణం రెండు పార్టులుగా తీస్తున్నారు, ఇక్కడ జై హనుమాన్ అనౌన్స్ చేశారు. బడ్జెట్ ఎంతైనా పెట్టుకోండి, ముందు స్క్రిప్ట్ మీద కూర్చోండి ప్లీజ్.