రోజుకో పేజీ చింపే క్యాలెండర్: ఆరు నెలలు వాడాక

ఆ తేదీన పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, జరిగిన సంగతులు రోజుకో పేజీలో వేసే టేబుల్ క్యాలెండర్ ఇది. రాజకీయం, వైద్యం, నటన, ఈ మూడు రంగాలవే ఉంటాయి. తప్పులు ప్రచురణకర్తలకు రాసి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను. అందుకే పేరు చెప్పడం లేదు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. టైప్ వన్ డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బు. ఏడో ఏటి నుంచి ఇన్సులిన్ మీదే ఉంది. పొద్దున్నే సూది వేసుకున్నాక పేజీ చింపి చదవడం తన పని. అందుకే జనవరి 11 పేజీ మా ఇంట్లో పెద్ద విషయమైంది. 1922లో ఆ రోజు టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారని, వెంటనే కోలుకున్నాడని రెండు లైన్లు వేశారు. ఇన్సులిన్ ఇచ్చిన మాట నిజమే. కోలుకోవడం మాత్రం ఆ రోజు జరగలేదు.

ఆ మందులో మలినాలు ఉండిపోయాయి. షుగర్ కాస్త తగ్గింది గానీ సూది గుచ్చిన చోట గడ్డ లేచింది. ఆపేశారు. జేమ్స్ కాలిప్ అనే బయోకెమిస్టు దాన్ని శుద్ధి చేసే పనిలో పడ్డాడు. పన్నెండు రోజుల తర్వాత, 23న, మళ్లీ ఇచ్చారు. ఈసారి షుగర్ దిగింది, ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే కీటోన్లు మూత్రంలోంచి పోయాయి. అప్పట్లో డయాబెటిస్‌కు వైద్యమంటే కడుపు మాడ్చడమే. అలా ఎండిపోయి ముప్పై కిలోలు కూడా లేని ఆ పిల్లవాడు మరో పదమూడేళ్లు బతికాడు.

ఇదంతా చెబితే మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పన్నెండు రోజులూ వాళ్లింట్లో ఎంత టెన్షన్ పడుంటారమ్మా" అంది. క్యాలెండర్ వదిలేసింది సరిగ్గా ఆ పన్నెండు రోజులనే. జనవరి 23 పేజీలో 1849లో ఎలిజబెత్ బ్లాక్‌వెల్ వైద్య పట్టా అందుకోవడం, 1897లో సుభాష్ చంద్రబోస్ పుట్టుక, 1928లో ఫ్రెంచి నటి జాన్ మొరో పుట్టుక ఉన్నాయి. రెండో ఇంజెక్షన్ ఊసే లేదు.

కారణం నాకు తెలుసు. శని, ఆదివారాలు రెండూ కలిపి ఒకే పేజీ. ఈ ఏడాది 11 ఆదివారం పడింది, సంగతి కుదించేశారు. వచ్చే ఏడాదైనా ఆదివారానికి విడిగా పేజీ ఇవ్వాలి.

చోటున్న రోజున మాత్రం వీళ్లు ఎంత బాగా రాస్తారో ఏప్రిల్ 14 చూస్తే తెలుస్తుంది. 1865లో లింకన్‌ను నాటకశాలలో కాల్చిన బూత్ బాగా పేరు మోసిన నటుడు. లింకన్ దగ్గరికి ముందుగా చేరిన డాక్టరు చార్లెస్ లీల్ ప్రేక్షకుల్లోంచి లేచి వచ్చిన ఇరవై మూడేళ్ల కుర్రాడు, పట్టా చేతికొచ్చి ఆరు వారాలే. గాయంలో గడ్డకట్టిన రక్తాన్ని వేలితో తీస్తే ఊపిరి మళ్లీ ఆడింది. బతకడని అతనికి అప్పుడే అర్థమైంది. ఎదురింటికి మోసుకెళ్లారు. మంచం పొట్టిదై ఐమూలగా పడుకోబెట్టాల్సి వచ్చింది. ఒకవేళ తెలివొస్తే పక్కన మనిషి ఉన్నాడని తెలియాలని లీల్ చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. మర్నాడు ఉదయం 7 గంటల 22 నిమిషాలకు లింకన్ ప్రాణం పోయింది. మూడు రంగాలూ ఒకే గదిలోకి వచ్చిన రాత్రి అది. ఆ పేజీ నేను చింపనివ్వలేదు.

ఫిబ్రవరి 17 కూడా బాగుంది. 1673లో ఫ్రెంచి నాటక రచయిత, నటుడు మోలియేర్, లేని రోగాన్ని ఊహించుకునే మనిషి వేషం వేస్తూనే నిజంగా దగ్గుతూ కుప్పకూలాడు. ఆట పూర్తి చేసి కొన్ని గంటల్లోనే పోయాడు.

నటుల పేజీలు చాలావరకు పలచన. ముందుకు తిప్పి నవంబర్ 9 చూశాను. హెడీ లమార్ 1914లో వియన్నాలో పుట్టిందని, అందగత్తె అని రాసి వదిలేశారు. శత్రువుకు అందకుండా రేడియో సంకేతాల ఫ్రీక్వెన్సీని మారుస్తూ పంపే పద్ధతికి సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి 1942లో ఆమె పేటెంటు తీసుకుంది. అది లేకుండా ఆ పేజీ ఎందుకు?

కాగితం మందంగానే ఉంది. పేజీ చిరుగు లేకుండా వస్తుంది, స్టాండు వాలిపోదు. స్కూలు పిల్లలున్న ఇంటికి తీసుకోమనే చెబుతాను, పక్కన ఒక పెన్ను పెట్టుకుని. జనవరి 11 పేజీ మా అమ్మాయి ఇన్సులిన్ పౌచ్‌లో ఉంది. "వెంటనే కోలుకున్నాడు" అన్నదాన్ని కొట్టేసి, పైన "23న" అని తనే దిద్దుకుంది.