స్కోప్ రైల్ కింద డబ్బా రేకా, ఆరాల్డైటా?

అమలాపురంలో మా పెరట్లో, కొబ్బరిచెట్ల మధ్య అట్ట కట్టి ఎయిర్ రైఫిల్ సాధన చేస్తాను. రైఫిల్ మీద స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించే పట్టీని, అంటే స్కోప్ రైల్‌ను, ఒక కొసన వేలితో నొక్కితే రెండో కొస వెంట్రుకవాసి లేచేది. అది చిన్న విషయం కాదు. 100 మిల్లీమీటర్ల రైల్ ఒక కొసన 0.1 మిల్లీమీటరు కదిలినా, 10 మీటర్ల దగ్గర గురి సెంటీమీటరు తప్పుతుంది.

రైల్ కింది ఆ సందులో కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క పెట్టడం పావుగంట పని. నచ్చకపోతే తీసెయ్యొచ్చు. కానీ అది ఒక్కచోటే ఆనుతుంది. మధ్యలో ఖాళీ అలాగే ఉండి, మరలు బిగిస్తే రైల్ వంగుతుంది. మన కోనసీమ చెమ్మకి ఆ ఖాళీలో తుప్పు భయం కూడా.

ఆరాల్డైట్ అనే ఎపాక్సీ జిగురుతో ఆ సందు నింపడానికి ఓపిక కావాలి. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. రెండు ముఖాలూ ఎసిటోన్‌తో తుడిచి, రైఫిల్ వైపు, మరల మీద మైనం పాలిష్ రాయండి. అది మరిచారా, రైల్ ఇక ఊడిరాదు. రైల్ అడుగున ఆరాల్డైట్ పలచగా పూసి, మరలు ఊరికే ఆనేదాకా తిప్పి ఆపాలి. ఇక్కడే చాలామంది గట్టిగా బిగించేసి, వంపుని అలాగే గట్టిపరుస్తారు. అంచుల్లో పొంగింది వెంటనే తుడిచి, 24 గంటలు ముట్టుకోకండి.

స్కోప్ తరచూ మార్చేవాళ్లకైనా నేను ఆరాల్డైటే చెబుతాను, రైల్ మార్చనంతవరకూ. రేకు ఆ పూట సాధన ఆగకుండా గడుపుకోవడానికి.