పాత అకౌస్టిక్ గిటార్ కొంటున్నారా? ముందు శాడిల్ చూడండి

"యాక్షన్ కాస్త ఎక్కువుంది, ట్రస్ రాడ్ తిప్పితే దిగిపోతుంది." అమ్మేవాళ్లు ఈ మాట అన్నారంటే డబ్బు అప్పుడే బయటికి తీయకండి. యాక్షన్ అంటే ఫ్రెట్ల నుంచి, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల నుంచి, తీగలు ఉండే ఎత్తు. ట్రస్ రాడ్ అంటే నెక్ (గిటార్ మెడ) లోపలుండే లోహపు కడ్డీ, అది ఉన్నది నెక్ వంపు సరిచేయడానికి. నెక్ బాడీతో కలిసేచోట కోణమే మారిపోయి తీగలు పైకి లేస్తే, ఆ రాడ్ వల్ల ఏమీ కాదు. బిగించేకొద్దీ మొదటి ఫ్రెట్ల దగ్గర బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి బర్రుమనడం) మొదలవుతుంది, అంతే.

స్టీలు తీగలు ఆరూ ట్యూనింగులో ఉన్నంతసేపూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతూనే ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి నెక్ ముందుకు వాలుతుంది, బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే చెక్క) వెనకాల టాప్, అంటే బాడీ పై పలక, ఉబ్బుతుంది. ఇది కనపడకుండా కొందరు శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పట్టీని) అరగదీసి అమ్మేస్తారు. చేతికి హాయిగానే ఉంటుంది. కానీ శాడిల్ మీంచి తీగ కిందికి దిగే వాలు పోవడంతో మోతలో పస తగ్గిపోతుంది, రేపు ఇంకాస్త దించాలన్నా అరగదీయడానికి ఏమీ మిగలదు.

చిన్న స్టీలు స్కేలు వెంట తీసుకెళ్లండి. 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా కొలవండి. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) దగ్గర 2.5 మి.మీ., ఒకటో తీగ (అన్నిటికన్నా సన్నది) దగ్గర 2 మి.మీ. ఉంటే బాగున్నట్టే. ఆరో తీగ 3.5 దాటితే బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ నొక్కే పట్టు) పట్టడం శిక్షే. ఇప్పుడు బ్రిడ్జి పైన శాడిల్ ఎంత కనిపిస్తోందో చూడండి. 3 మి.మీ. ఉంటే ఫరవాలేదు, 1 మి.మీ. ఉంటే దాని పని అయిపోయింది. 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గాలంటే శాడిల్‌లో ఒక మి.మీ. పోవాలి. అంటే యాక్షన్ 3.5, శాడిల్ 1 ఉన్న గిటార్‌కి నెక్ రీసెట్ తప్ప దారి లేదు. నెక్ ఊడదీసి, కోణం చెక్కి, మళ్లీ బిగించే పని అది. చవక గిటార్‌కైతే గిటార్ ధర కన్నా రిపేరు ఖర్చే ఎక్కువ.

ట్రస్ రాడ్‌తో నిజంగా సర్దుకునేదీ ఒకటుంది. తీగని 1వ, 14వ ఫ్రెట్ల దగ్గర నొక్కిపెట్టి 7వ ఫ్రెట్ మీద సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం కన్నా బాగా ఎక్కువుంటే రాడ్ బిగించవచ్చు.

బ్రిడ్జి వెనక అంచు కింద పల్చటి కాగితం దూర్చి చూడండి. లోపలికి పోయిందంటే జిగురు వదులుతోంది.

ఇక "స్ప్రూస్ టాప్" అని రాసి ఉన్నంత మాత్రాన సాలిడ్ టాప్ (పొరలు లేని అసలు చెక్క) కాదు, ప్లై (ప్లైవుడ్) మీద అతికించిన స్ప్రూస్ పొర కావచ్చు. సౌండ్‌హోల్ అంచు దగ్గర లైటు పెట్టి చూస్తే, పైనున్న చెక్క గీతలు అంచు మందంలోకీ అలాగే దిగాలి. అడ్డంగా పొరలు కనిపిస్తే ప్లై. అయినా నెక్ వాలిన సాలిడ్ టాప్ కన్నా నెక్ సరిగ్గా ఉన్న ప్లై గిటారే మేలు.

మోతకి మోసపోవద్దు. కొత్త తీగలు వేస్తే ఏ గిటారైనా నాలుగు రోజులు గలగలలాడుతుంది. ప్రతి తీగా ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటండి, ఎక్కడ స్వరం చప్పున చచ్చిపోతోందో వినండి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి, రెండూ ఒకటే రావాలి.

దూరం నుంచి కొంటుంటే రెండు ఫోటోలు అడగండి: 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు ఆనించి ఒకటి, శాడిల్‌ని పక్కనుంచి దగ్గరగా ఇంకొకటి. పంపడానికి నసిగితే ఆ గిటార్ వదిలేయండి.