ఉద్యోగం చేస్తూ ఓఎంఎస్‌సీఎస్: దాదాపు నాలుగేళ్ల తర్వాత నా సమీక్ష

2020 ఆగస్టులో చేరాను, 2024 మేలో పూర్తయింది. జార్జియా టెక్ ఆన్‌లైన్‌లో ఇచ్చే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ ఇది. అందరూ ఓఎంఎస్‌సీఎస్ అంటారు. చేరేటప్పటికి మా పాపకు రెండేళ్లు, పట్టా చేతికి వచ్చేసరికి ఒకటో తరగతికి సిద్ధమవుతోంది. ఈ మధ్యకాలమంతా హైదరాబాద్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూనే ఉన్నాను.

"ఉద్యోగం చేస్తూ చదవడం కుదురుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. కుదురుతుంది. కానీ వారానికి పదిహేను గంటలు కావాలి. ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి, వాటి కోసం ఇంట్లో ఎవరి మీద పని పడుతుంది అన్నది చేరకముందే తేల్చుకోవాలి. నేను ఆ పని చెయ్యలేదు. మొదటి ఏడాది పడిన ఇబ్బందంతా దానివల్లే.

ముందు డబ్బు సంగతి. నేను చేరినప్పుడు క్రెడిట్‌కు 180 డాలర్లు, అంటే మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు 540. దానిమీద ప్రతి సెమిస్టర్‌కూ విడిగా ఫీజు ఉంటుంది. పది సబ్జెక్టులకు, మధ్యలో వదిలేసిన ఒకదానికి కలిపి నాకు ఆరు లక్షల రూపాయల పైన అయింది. అంతా ఒకేసారి కట్టక్కర్లేదు, ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టర్ కట్టుకోవచ్చు. లోన్ లేకుండా జీతంలోంచే కట్టుకోగలిగాను. అయితే నేను చేరినప్పుడు డాలర్ 75 లోపు ఉంటే, పూర్తయ్యేసరికి 83 అయింది. లెక్క వేసుకునేటప్పుడు ఆ తేడాకు కొంత పక్కన పెట్టుకోండి. జీఆర్‌ఈ అడగలేదు గానీ ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ రాయాల్సి వచ్చింది. ముగ్గురి చేత సిఫార్సు లేఖలు కూడా ఇప్పించాలి.

పూర్తి చెయ్యడానికి ఆరేళ్లు గడువు ఉంది కదా అని మొదట్లో ధీమాగా ఉన్నాను. కానీ మొదటి 12 నెలల్లోనే రెండు ఫౌండేషనల్ (పునాది) సబ్జెక్టుల్లో బీ గానీ అంతకంటే పై గ్రేడ్ గానీ తెచ్చుకోవాలి. కొత్త ఉద్యోగంలో ఉన్నవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు ఈ నిబంధన గుర్తుపెట్టుకోండి. నెమ్మదిగా మొదలుపెడదాం అనుకుంటే కుదరదు.

సెమిస్టర్ల క్యాలెండర్ అమెరికాది, మన పండుగలు వాళ్లకు పట్టవు. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు మూడో వారం నుంచి డిసెంబరు మధ్య దాకా నడుస్తుంది. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ అందులోనే పడతాయి. మాది వరంగల్. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఊళ్లోనే గడపడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఈ కోర్సు ఉన్నన్నాళ్లూ సద్దుల బతుకమ్మ ఒక్కరోజుకే వెళ్లి వచ్చాను. 2021లో మాత్రం అదీ కుదరలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. స్ప్రింగ్ సెమిస్టర్ కాస్త నయం, సంక్రాంతికి ఇంకా మొదటి వారమే కాబట్టి పెద్దగా పని ఉండదు. వేసవి సెమిస్టర్ దాదాపు పన్నెండు వారాలే. సిలబస్‌ను కుదించి చెప్తారు కాబట్టి దానికి తేలిక సబ్జెక్టే పెట్టుకోవాలి.

ఇక గడువులు. నేను చదివిన చాలా సబ్జెక్టుల్లో అసైన్‌మెంట్ ఆదివారం రాత్రి 11:59కి ఇవ్వాలి. ఆ గడియారం భూమ్మీద అన్నిటికంటే ఆలస్యంగా తేదీ మారే చోటుది. మన లెక్కలో సోమవారం సాయంత్రం 5:29. వినడానికి అదనంగా ఒక రోజు దొరికినట్టే ఉంటుంది. నేనూ అలాగే అనుకుని మొదటి సెమిస్టర్‌లో సోమవారాల్ని నమ్ముకున్నాను. మాకు సోమవారం సాయంత్రం ఆరింటికి అమెరికా టీమ్‌తో కాల్ ఉంటుంది, దానికి ముందు రెండు గంటలు ఆఫీసులో ఊపిరాడదు. ఒకసారి మీటింగ్‌లో కెమెరా ఆపేసి, చేతులు వణుకుతుండగా 5:26కి ఫైల్ అప్‌లోడ్ చేశాను. ఆ రోజు మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. తర్వాత నుంచి ఆదివారం రాత్రి తొమ్మిదే నా గడువు అని పెట్టుకున్నాను. సోమవారాన్ని జ్వరానికో, కరెంటు పోతేనో అక్కరకొచ్చేలా ఉంచాను.

మొదట తీసుకున్నది సీఎస్ 6200, గ్రాడ్యుయేట్ ఇంట్రడక్షన్ టు ఆపరేటింగ్ సిస్టమ్స్. అంతకుముందు ఎనిమిదేళ్లు టెస్టింగ్‌లో ఉన్నదాన్ని, సీ భాష బీటెక్‌లో వదిలేశాను. మొదటి ప్రాజెక్టు చాలా థ్రెడ్లతో, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనివాళ్లలాంటి వాటితో, ఫైళ్లు పంపే సర్వర్ రాయడం. నా ప్రోగ్రాం పదిసార్లు నడిపితే తొమ్మిదిసార్లు బాగానే నడిచేది, పదోసారి కుప్పకూలేది. అయిదు రాత్రులు ఒంటిగంట దాకా కూర్చున్నా అంతు చిక్కలేదు. ఆరో రోజు పొద్దున్న పాలు పొంగే లోపు పొయ్యి దగ్గరే నిలబడి ఫోన్‌లో కోడ్ చూస్తుంటే కనపడింది. పని వచ్చిందని లేపిన థ్రెడ్, లేచాక ఆ పని ఇంకా క్యూలో ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి, ఈలోపు ఇంకో థ్రెడ్ దాన్ని ఎత్తుకుపోయి ఉండొచ్చు. మళ్లీ మళ్లీ చూసే వైల్ రాయాల్సిన చోట నేను ఇఫ్ రాశాను. ఒక్కసారే చూసి, ఖాళీ క్యూలో చెయ్యి పెడుతోంది నా థ్రెడ్. ఆ ఒక్క మాట మార్చాక రెండు వందలసార్లు నడిపినా పడలేదు.

రెండేళ్ల తర్వాత మా ఆఫీసులో ఒక సర్వీస్ నెలాఖరు రద్దీలో మాత్రమే పడిపోతుంటే, నేను ముందుగా అలాంటి చోటే వెతికాను. అక్కడే దొరికింది. టెస్టింగ్ నుంచి ప్లాట్‌ఫాం టీమ్‌లోకి నన్ను తీసుకోవడానికి ఆ రోజు కారణమైంది. అప్పటికి నా చేతిలో డిగ్రీ ఇంకా లేదు.

ఆ పాల సంగతి తర్వాతే రాత్రి చదువు మానేశాను. రోజంతా పనిచేసి, పాపను పడుకోబెట్టి, పదింటికి పుస్తకం తెరిస్తే గంటలో చదివింది పొద్దున్న ఇరవై నిమిషాల్లో అయిపోయేది. 4:45కి లేచి ఏడు దాకా, వారానికి అయిదు రోజులు. ఆదివారం ఇంకో నాలుగు గంటలు. 2022లో ఆఫీసుకు రమ్మన్నాక మియాపూర్ నుంచి వెళ్లి వచ్చే దారిలో క్యాబ్‌లో లెక్చర్లు వినేదాన్ని. టీఏలు (ప్రొఫెసర్‌కు బోధనలో సాయపడేవాళ్లు) లైవ్‌లో పెట్టే సెషన్లు మనకు తెల్లవారుజామున పడతాయి. రికార్డింగ్ చూస్తే చాలు, వాటి కోసం నిద్ర పాడుచేసుకోకండి.

నేను పొద్దున్న చదువుకోవాలంటే పాప లేస్తే ఇంకొకరు చూసుకోవాలి. అత్తయ్య నాలుగేళ్లూ ఆ పని చేశారు. మా ఆయన ఆదివారం వంట తన మీద వేసుకున్నారు. మొదటి ఏడాది ఇదంతా ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు, వాళ్లే అర్థం చేసుకుంటారనుకున్నాను. ఇంట్లో మాటలు పెరిగాయి. రెండో ఏడాది నుంచి సెమిస్టర్ మొదలవగానే గడువుల తేదీలన్నీ ఫ్రిజ్ మీద అంటించాను. "నవంబరు 12 దాకా నీకు కష్టం, తర్వాత నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్తా" అని అత్తయ్య ఆ కాగితం చూసి చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

2022 స్ప్రింగ్‌లో డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ తీసుకున్నాను. చాలా కంప్యూటర్లు ఒకే మాట మీదికి వచ్చేలా చేసే పాక్సోస్ అనే పద్ధతిని జావాలో మనమే రాయాలి, వారానికి పాతిక గంటలు పట్టేది. అదే సమయంలో అమ్మకు మోకాలి ఆపరేషన్, ఆఫీసులో ఏ వేళ పిలిచినా పలకాల్సిన ఆన్‌కాల్ వంతు. మార్చిలో విత్‌డ్రా చేశాను, అంటే ఆ సబ్జెక్టు మధ్యలోనే వదిలేశాను. జీపీఏకు దెబ్బ తగలదు, గ్రేడ్ల పట్టికలో డబ్ల్యూ అని పడుతుంది, కట్టిన డబ్బు పోతుంది. వారం రోజులు సిగ్గుగా అనిపించింది. ఇప్పుడు చూస్తే ఆ నాలుగేళ్లలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. సెమిస్టర్‌కు ఒక్క సబ్జెక్టు కంటే ఎక్కువ పెట్టుకోవద్దని అందరికీ చెప్తాను.

పరీక్షలు ఇంట్లోనే కెమెరా ముందు రాయాలి. గది అంతా తిప్పి చూపించాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు. రాసే సమయం కొన్ని రోజుల వ్యవధిలో మనమే ఎంచుకోవచ్చు కాబట్టి ఇల్లు నిశ్శబ్దంగా ఉండే వేళ చూసుకోవచ్చు. మొదటి పరీక్షలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఉన్నా రూటర్ దాని లైన్ మీద లేదు. మరుసటి రోజే రూటర్‌కు చిన్న యూపీఎస్ కొన్నాం. మీరు చేరిన వారమే కొనుక్కోండి.

చివరగా సీఎస్ 6515, అల్గారిథమ్స్. నేను తీసుకున్న కంప్యూటింగ్ సిస్టమ్స్ విభాగానికి ఇందులో బీ రావాల్సిందే. మార్కుల్లో ఎక్కువ భాగం పరీక్షలదే, సీట్లేమో సీనియర్లకు ముందు దొరుకుతాయి, అందుకే చాలామందికి ఇదే ఆఖరి సబ్జెక్టు అవుతుంది. తొమ్మిది సబ్జెక్టులు గట్టెక్కాక ఇక్కడ ఆగిపోతానేమో అన్న టెన్షన్ నాకు నాలుగు నెలలూ ఉంది. రోజుకో లెక్క తెల్లకాగితం మీద, జవాబు చూడకుండా, ఎందుకు సరైనదో వాక్యాల్లో రాసేదాన్ని. బీ వచ్చింది.

పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. జీతం డిగ్రీ వచ్చినందుకని పెరగలేదు, టీమ్ మారినందుకు పెరిగింది. దీంతో అమెరికా స్టూడెంట్ వీసా రాదు, కాబట్టి అక్కడికి వెళ్లడమే లక్ష్యమైతే ఇది దారి కాదు. ప్రభుత్వ ఉద్యోగానికో, అధ్యాపక ఉద్యోగానికో అయితే విదేశీ ఆన్‌లైన్ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు సంగతి ముందే విచారించుకోండి. సిస్టమ్స్ పునాది నుంచి నేర్చుకోవాలన్న ఆకలి ఉన్నవాళ్లకు మాత్రం ఈ ధరలో ఇంత మంచి చదువు నాకు ఇంకెక్కడా కనపడలేదు. మళ్లీ అడిగినా చేరతాను.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఈసారి ఫాల్‌లో చేరుతోంది. నవంబరులో వాళ్ల తమ్ముడి పెళ్లి. తను తీసుకుందామనుకున్న సబ్జెక్టు పాత షెడ్యూల్ తీసి ఇద్దరం కూర్చుని చూశాం, సరిగ్గా పెళ్లి వారంలోనే పెద్ద ప్రాజెక్టు ఉంది. దాన్ని స్ప్రింగ్‌కు జరుపుకుని, ఫాల్‌కు ఇంకొకటి ఎంచుకుంది.