స్మారక ఖాతాలో మా బెంచీ నేస్తం

పదో తరగతిలో ఏడాదంతా నా పక్కన కూర్చున్నవాడు చనిపోయిన సంగతి నాకు ఐదు నెలలు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. పుట్టినరోజు గుర్తుంచుకుని, ఫేస్‌బుక్‌లో వాడి గోడ మీద "నూరేళ్ళు చల్లగా ఉండరా" అని రాశాను. ఆ రాత్రే మా తరగతి మిత్రుడొకడు ఫోన్ చేసి, "ముందు ఆ మాట తీసెయ్యరా, వాడు లేడు" అన్నాడు. నాకంటే ముందే ఇంకో నలుగురు అలాగే రాసి ఉన్నారు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకు ఫేస్‌బుక్ ఖాతా ఎందుకు గుర్తుకొస్తుంది? కనుక్కోవలసింది మేము. ఏళ్ళుగా ఒకరి క్షేమం ఒకరు ఫోటోల్లోనే చూసుకుంటూ, పలకరింపు మరిచిపోయినవాళ్ళం.

అలాంటి మాటలు ఇంకెప్పుడూ అక్కడ పడకూడదన్న పట్టుదలతోనే స్మారక ఖాతా గురించి చదివాను. అడిగి వాడి ఖాతాను అలా మార్పించాను. ఏడాదిగా చూస్తున్నాను. అవసరం పడినవాళ్ళకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

చనిపోయినవారి ఖాతాను స్మారకంగా మార్చే ఏర్పాటు ఫేస్‌బుక్‌లో 2009 నుంచి ఉంది. దగ్గరివాళ్ళు ఒక అభ్యర్థన పంపాలి. మరణించిన తేదీ చెప్పాలి, మరణ ధ్రువపత్రమో సంస్మరణ ప్రకటనో చూపాలి. నేను ముందుగా వాడి భార్యతో మాట్లాడాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు వాడి బడి సంగతులే చెప్పాను. ఆమె అంతా విని, "మీకు ఎలా మంచిదనిపిస్తే అలా చేయండి అన్నయ్యగారూ" అంది. ధ్రువపత్రం ఫోటో తనే పంపింది. దయచేసి ఈ మెట్టు దాటవేయకండి. ఖాతా ఒకసారి స్మారకంగా మారితే పాస్‌వర్డు తెలిసినవారు కూడా అందులోకి వెళ్ళలేరు. భర్త ఫోటోల కోసం రోజూ ఆ ఖాతా తెరుచుకునే భార్యకు మన తొందర వల్ల తలుపు మూసుకుపోకూడదు. కావలసినవి ముందే దింపుకొమ్మని చెప్పి, ఆమె సరేనన్న తరువాతే అభ్యర్థన పంపాం.

మార్పు జరిగాక కనబడేవి కొద్దే. పేరు పక్కన, ఈ మనిషిని స్మరించుకుంటున్నామన్న అర్థం వచ్చే చిన్న మాట చేరుతుంది. పాత రాతలు, ఫోటోలు అలాగే ఉంటాయి. ఇదివరకు ఎవరికి కనబడేవో వాళ్ళకే కనబడతాయి. పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. మీకు తెలిసినవారేమో చూడండి అంటూ కొత్తవాళ్ళకు ఆ పేరు చూపించడమూ ఆగుతుంది. ఈ ఏడు వాడి పుట్టినరోజు వచ్చింది, వెళ్ళింది. వాడి గోడ మీద ఒక్క శుభాకాంక్ష కూడా పడలేదు. ఆ రోజంతా నేను పదిసార్లు చూసి ఉంటాను. ఆ నిశ్శబ్దం నాకు ఎంత ఊరట ఇచ్చిందో చెప్పలేను. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

తరువాతి విషయం వారసత్వ ప్రతినిధి. మనం పోయాక మన స్మారక ఖాతాను చూసుకోవడానికి మనమే బతికుండగా ఎంచుకునే మనిషి. 2015లో ఈ వీలు వచ్చింది. ఆ మనిషికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. అతను ఖాతా పైభాగంలో ఒక సందేశం నిలిపి ఉంచవచ్చు, ముఖచిత్రం (ప్రొఫైల్ ఫోటో) మార్చవచ్చు, కొత్తగా వచ్చే స్నేహ అభ్యర్థనలకు జవాబివ్వవచ్చు. మన ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం చదవలేడు, మన పాత స్నేహితుల్ని తొలగించలేడు. ఈ గీత సరైన చోట గీశారని నేను గట్టిగా నమ్ముతాను. నా ఉద్యోగం పోయిన ఏడాది రాత్రి రెండింటికి వాడికి రాసిన సందేశాలు కొన్ని ఉన్నాయి. వాటికి వాడొక్కడే జవాబిచ్చాడు. అవి వాడికీ నాకూ మధ్యనే ఉండాలి.

మావాడు ఎవరినీ ఎంచుకోలేదు. నలభై ఆరేళ్ళ మనిషికి ఆ ఆలోచన ఎందుకు వస్తుంది! ఫలితంగా, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సగం మొహం పక్కకు తిప్పిన ఫోటోయే వాడి ముఖచిత్రంగా మిగిలిపోయింది. వాళ్ళమ్మాయికి అది మార్చాలని ఉంది. వీలుకాదు. దీన్ని నేను లోపం అనను. వాడు ఇవ్వని హక్కు వేరొకరి చేతికి రాకపోవడమే న్యాయం. కానీ ఆ పిల్ల అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ సాయంత్రమే నా ఖాతా సెట్టింగులలోకి వెళ్ళి మా తమ్ముడి పేరు ఇచ్చాను. రెండు నిమిషాల పని. నా తరువాత ఖాతా అసలే ఉండకూడదనుకుంటే, తొలగించేయమని కూడా అక్కడే చెప్పుకోవచ్చు. ఇలాంటిదే గూగుల్‌లో 2013 నుంచి ఉంది: మన అలికిడి ఎన్ని నెలలు లేకపోతే కబురు పంపాలో, ఎవరికి పంపాలో ముందే చెప్పిపెట్టవచ్చు. పది మంది దాకా ఎంచుకోవచ్చు. ఆపిల్ 2021 డిసెంబరులో తెచ్చింది. అక్కడ ఐదుగురి దాకా.

ఐదు నక్షత్రాలకు నాలుగిస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకంటే, అక్కడ మావాడు దొరకలేదు.

ఉన్నది పెద్దమనిషి. కొండలెక్కిన ఫోటోలు, పిల్లల పుట్టినరోజులు, ఆఫీసులో ఎవరో శాలువా కప్పుతున్న దృశ్యం. పదిహేనేళ్ళవాడి జాడ ఒక్కటీ లేదు. వాడు పెట్టనిది అక్కడ ఎలా ఉంటుంది? హాజరు పిలిచేటప్పుడు నా నంబరు, తన నంబరు కలిపి ఒకే ఊపిరిలో పలికి ఇద్దరినీ బయట నిలబెట్టినవాడు, లెక్క తప్పితే కొట్టివేయకుండా దాని చుట్టూ సున్నా చుట్టి "ఇక్కడ తప్పిపోయాను" అని చిన్నగా రాసుకున్నవాడు, వాళ్ళమ్మాయికి ఎప్పటికీ తెలియకుండా పోతాడనిపించింది.

అందుకే పదో తరగతి చివర తీయించుకున్న గ్రూపు ఫోటో బయటికి తీశాను. అందులో వాడి మొహం వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి కొలిచాను. మామూలుగా చేసే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) స్కానులో ఆ మొహం వెడల్పుకు సుమారు 95 చుక్కలే దక్కుతాయి. 600లో 190 దాకా వచ్చాయి. 1200కి పెంచితే మొహం కంటే కాగితం గరుకే ఎక్కువ కనబడింది. గ్రూపు ఫోటోలు స్కాన్ చేసేవారికి 600 చాలు, కానీ అద్దం తుడిచి, ఫోటో గాజుకు ఆనేలా మూత మీద చెయ్యి ఆనించండి. పాత కాగితం అంచుల్లో లేస్తుంది.

ఇంకొంచెం స్పష్టంగా వస్తుందేమోనని మొహాలను మెరుగుపరిచే ఒక యాప్‌లో వేశాను. వచ్చినదాన్ని చూసి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కళ్ళు మెరుస్తున్నాయి, జుట్టు పోగులు పోగులుగా కనబడుతోంది, పలువరస ముత్యాల్లా ఉంది. ఆ అబ్బాయి ఎవరో నాకు తెలియదు. మావాడికి ముందుపన్ను మూల విరిగి ఉండేది. మసక ఫోటోలో అక్కడ చిన్న నల్లచుక్క ఉంది. యాప్ దాన్ని మచ్చ అనుకుని పూడ్చేసింది. పోయినవారి పాత ఫోటోలకు ఇలాంటివి ఉపయోగించకండి. మసకగా ఉన్నా మనిషి ఆ మసకలోనే ఉన్నాడు.

ఆ పన్ను విరిగింది నా వల్ల. సంవత్సరాంత పరీక్షల రెండో రోజు, గంట కొట్టడానికి కాసేపు ముందు నా ఇంకు పెన్ను రాయలేదు. ఇంకు పోద్దామంటే పాళీ ఉన్న పైభాగం బిగుసుకుపోయి ఎంత తిప్పినా రాలేదు. గుడ్డ చుట్టి తిప్పాను, నా చేతులు వణికిపోతున్నాయి. వాడు నా చేతిలోంచి లాక్కుని పళ్ళతో పట్టి ఒక్క మెలి తిప్పాడు. టక్కుమని చప్పుడు. పెన్ను ఊడింది, దానితో పాటే పంటి ముక్క అరచేతిలో పడింది. పెదవుల నిండా నీలం. వాడు ఆ ముక్కను జేబులో వేసుకుని, తన పెన్ను విప్పి, బెంచీ మీద ఆనించి నా గొట్టంలోకి సగం ఇంకు వంచాడు. "కారకుండా చూసుకో" అన్నాడు. అంతే. ఆ పూట వాడు రెండు ప్రశ్నలు రాయకుండానే లేచాడు. ఇంకు అయిపోయిందని నాకు చెప్పలేదు. సెలవుల్లో ఇంకెవరో చెబితే తెలిసింది.

యాప్ ముట్టని స్కాను, దాని కింద ఈ సంగతి, రెండూ వాడి గోడ మీద పెట్టాను. స్నేహితులు రాసే వీలు వాడు తెరిచి ఉంచాడు కాబట్టి పెట్టగలిగాను. మూసి ఉంటే ఈ సేవలో అది కుదరదు, గమనించండి. రెండు రోజుల్లో మా తరగతివాళ్ళు వచ్చి చేరారు. ఒకరు వాడి లెక్కల నోటు పుస్తకంలో ఒక పేజీ పెట్టారు, సున్నా చుట్టిన తప్పుతో సహా. ఇరవై ఏళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని ఒకావిడ, ఎన్.సి.సి. బూటు లేసు వాడు ఎలా కట్టించాడో మెట్టు మెట్టుగా రాసింది.

నాలుగో రోజు వాళ్ళమ్మాయి రాసింది. "సైకిల్ మీద నుంచి పడి పన్ను విరిగిందని నాన్న మాకు చెప్పారు అంకుల్. ఎన్నిసార్లు అడిగినా సైకిలే అన్నారు. మీ పేరు చెప్పలేదు."

దాని కింద ఇంకో వాక్యం: "ఆ పెన్ను ఇంకా ఉందా?"

ఉంది. పాళీకి కాస్త కింద, నల్లటి ప్లాస్టిక్ మీద రెండు పంటి గాట్లు ఉన్నాయి, ఒకటి లోతుగా, ఒకటి పైపైన. వెలుతురు పక్క నుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీశాను. ఆ అమ్మాయికి పంపాను.