హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ ల్యాబు: ఆ రెండో ఆమోదం కోసమే దీన్ని వదల్లేదు

హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ అంటే కొన్ని సంస్థలు కలిసి నడుపుకునే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్. దానితో ల్యాబు ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది చైన్‌కోడ్ (దాని మీద నడిచే ప్రోగ్రాం) ఆమోదం గురించే. 1.4 వెర్షన్ దాకా ఒక సంస్థ అడ్మిన్ ఇన్‌స్టాన్షియేట్ అనే కమాండ్ కొడితే చాలు, కోడ్ అమల్లోకి వచ్చేది. అతను పెట్టిన షరతులే ఛానెల్‌లో, అంటే ఒకే లెడ్జర్ (ఉమ్మడి పద్దు) పంచుకునే సంస్థల్లో, అందరికీ. మిగతావాళ్ల పని ఇన్‌స్టాల్ చేసుకోవడం వరకే. 2020 జనవరిలో 2.0 తో కొత్త పద్ధతి వచ్చింది. ఏ సంస్థకు ఆ సంస్థ విడిగా అప్రూవ్ చేయాలి, సరిపడా ఆమోదాలు పడితేనే కమిట్ అవుతుంది, అంటే అమల్లోకి వస్తుంది. ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లకు ఇదో తలనొప్పి. ప్యాకేజ్, ఇన్‌స్టాల్, అప్రూవ్, కమిట్ అంటూ నాలుగు మెట్లు ఎక్కాలి. క్లాసులో మాత్రం దీన్ని మించిన పాఠం నాకు దొరకలేదు.

మాది వరంగల్‌లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లలకు కొన్నేళ్లుగా ఈ ఎలక్టివ్ చెబుతున్నాను. వాళ్లలో చాలామంది పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు నుంచి వస్తారు. బ్లాక్‌చెయిన్ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది బిట్‌కాయిన్ ధర. ఫాబ్రిక్‌లో కాయినే ఉండదని తెలిసిన రోజు సగం మంది ముఖాలు వాడిపోతాయి. "మరి ఇంకెందుకు మేడం ఇది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా లాభం లేదు. అసలు జవాబు ఆ అప్రూవ్ దగ్గరే దొరుకుతుంది. పియర్ అంటే ఒక సంస్థ తరఫున లెడ్జర్ నకలు ఉంచుకుని చైన్‌కోడ్ నడిపేది, ఆర్డరర్ అంటే లావాదేవీలను వరుసలో పేర్చి బ్లాకులు కట్టేది. ఇంతకు మించి ఇక్కడ రాయను, ఫాబ్రిక్ డాక్యుమెంటేషన్‌లో అదంతా బాగానే ఉంది.

ఫాబ్రిక్‌తో పాటు వచ్చే టెస్ట్ నెట్‌వర్క్‌ను మెచ్చుకోవాల్సిందే. ఒక్క కమాండుతో రెండు సంస్థలు, చెరో పియర్, ఒక ఆర్డరర్ లేచి కూర్చుంటాయి. మొదటి ల్యాబులోనే పిల్లలు లెడ్జర్‌లో రాసి, చదివి చూడగలరు. అయితే అందులో ఉదాహరణగా ఇచ్చే ఆస్తుల బదిలీ వాళ్లకు పట్టలేదు. ఆ ఆస్తి ఎవరిదో, ఎందుకు చేతులు మారాలో వాళ్లకు అనవసరం. అందుకని చిట్టీ పెట్టాను.

మా దగ్గర చిట్టీ సంగతి తెలియని ఇల్లుండదు. పాట ఎలా పాడతారో, ఎవరు ముందు ఎత్తుకుంటారో, కమీషన్ ఎవరికి పోతుందో పిల్లలే నాకు చెప్పగలరు. చట్టం కూడా కళ్ల ముందే ఉంది. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం మించకూడదని ఉండేది, 2019 సవరణలో దాన్ని 7 శాతానికి పెంచారు. చిట్టీల రిజిస్ట్రేషన్ల కోసం మన రాష్ట్రంలో బ్లాక్‌చెయిన్ మీద నడిచే టీ-చిట్స్ వచ్చింది కాబట్టి ఇది ఊహించి చెప్పే ఉదాహరణ కూడా కాదు. క్లాసును రెండు గుంపులు చేశాను. ఆర్గ్1 చిట్టీ కంపెనీ, ఆర్గ్2 చిట్టీ కట్టే సభ్యుల సంఘం. నెల పాట ముగించి, కమీషన్ తీసి, మిగిలింది పంచే చైన్‌కోడ్ గో భాషలో రాయాలి.

ఒక బ్యాచ్‌లో జరిగింది చెబుతాను. కంపెనీ గుంపు ముందుగా కోడ్ రాసింది. 7 శాతం దాకా కమీషన్ తీసుకోవచ్చని పెట్టింది. చట్టం ప్రకారం తప్పేం లేదు. సభ్యుల గుంపులో ఒక అమ్మాయి అడ్డం తిరిగింది. "మా బాపు కట్టిన చిట్టీల అయిదే అన్నరు మేడం. ఏడుకు మేమెందుకు ఒప్పుకోవాలె?" అంది. ఒప్పుకోవద్దమ్మా, అప్రూవ్ కొట్టకు అన్నాను. కొట్టలేదు. ఎవరు ఆమోదించారో చూపే చెక్ కమిట్ రెడీనెస్ కమాండును కంపెనీ గుంపు నడిపితే తెరమీద రెండు వరుసలు వచ్చాయి. ఆర్గ్1 ట్రూ, ఆర్గ్2 ఫాల్స్. వాళ్లు కమిట్ చేద్దామని చూశారు, పోలేదు. అప్పటిదాకా ల్యాబంటే కమాండ్లు కాపీ చేసి అవుట్‌పుట్ రికార్డులో అతికించడం అనుకున్న పిల్లలు, పక్క గుంపు కుర్చీల దగ్గరికెళ్లి బతిమాలడం మొదలుపెట్టారు. "అప్రూవ్ కొట్టరాదే, ల్యాబ్ టైమ్ అయిపోతున్నది" అని ఒకరు, చట్టం ఇదీ అని ఫోన్‌లో చూపించి వాదించేది ఇంకొకరు.

మరుసటి వారం ఆ అమ్మాయి డాక్యుమెంటేషన్ చదువుకుని వచ్చింది. సంస్థలన్నీ ఒప్పుకునేది చైన్‌కోడ్ నిర్వచనానికి, అంటే పేరు, వెర్షన్, సీక్వెన్స్, ఎండార్స్‌మెంట్ పాలసీ (లావాదేవీకి ఏయే సంస్థల సంతకాలు కావాలన్న నియమం) లాంటి వాటికి. ప్యాకేజీలో ఉండే కోడ్ అందరిదీ అచ్చం ఒకటే కావాలన్న నిబంధన లేదు. ఎవరి పియర్‌లో వాళ్లు తమ తనిఖీలు అదనంగా పెట్టుకోవచ్చు. నాకు ఈ విషయం తెలుసు, కానీ ఒక విద్యార్థి దీన్ని పట్టుకుని వాడడం అదే మొదటిసారి చూడటం. సభ్యుల గుంపు కంపెనీ కోడునే తీసుకుని, పాట ముగించే ఫంక్షన్ మొదట్లో మూడు లైన్లు చేర్చింది: కమీషన్ అయిదు దాటితే ఎర్రర్ ఇచ్చి వెనక్కి తిరిగిపో. ఆ ప్యాకేజీని తమ పియర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని, నిర్వచనానికి అప్రూవ్ కొట్టింది. రెండూ ట్రూ అయ్యాయి. కమిట్ అయింది. గెలిచామని కంపెనీ గుంపు చప్పట్లు కొట్టింది.

తర్వాత 7 శాతంతో పాట ముగించబోయారు. ఆర్గ్1 పియర్ సరేనంది. ఆర్గ్2 పియర్ నుంచి 500 కోడ్‌తో తిరస్కరణ వచ్చింది, పక్కనే ఆ అమ్మాయి రాసిన సందేశం: ఒప్పందం అయిదు శాతమే. 5 తో పంపితే రెండు పియర్లూ ఒకే ఫలితం ఇచ్చాయి, లావాదేవీ లెడ్జర్‌లో చేరింది.

అంతటితో ఆగలేదు. కంపెనీ గుంపులో ఒక అబ్బాయి, "మా పియర్ ఒక్కదానికే పంపిస్త మేడం, వాళ్లను అడుగుడెందుకు?" అన్నాడు. పంపమన్నాను. కమాండ్ లైన్‌లో ఇన్‌వోక్ సక్సెస్‌ఫుల్, స్టేటస్ 200 అని వచ్చింది. గుంపంతా లేచి నిలబడింది. వెంటనే క్వెరీ కొట్టించాను. లెడ్జర్‌లో పాత అంకెలే ఉన్నాయి. ఛానెల్ సమాచారం తీస్తే బ్లాక్ సంఖ్య మాత్రం ఒకటి పెరిగింది. పియర్ కంటైనర్ లాగ్ తెరిచి కిందకు వెళ్తూ ఉంటే అక్కడ దొరికింది: ఎండార్స్‌మెంట్ పాలసీ ఫెయిల్యూర్. కమాండ్ లైన్ చెప్పే సక్సెస్‌కు అర్థం, అడిగిన పియర్ సంతకం పెట్టింది, ఆర్డరర్‌కు చేరింది అనే వరకే. బ్లాకులో చేరాక పియర్లు పాలసీని సరిచూసినప్పుడు రెండో సంస్థ సంతకం లేదు. దాంతో అది చెల్లదని గుర్తు వేసి అలాగే ఉంచేశాయి. అతని ప్రయత్నం చెరిగిపోకుండా బ్లాకులో ఉండిపోయింది. ఇదెందుకు అని ముఖం వాడిన పిల్లలే ఆ రోజు బెల్లు కొట్టినా కదల్లేదు. టీచర్‌గా నాకు అంత సంతోషం కలిగిన రోజులు చాలా తక్కువ.

ఇంత చెప్పాక కొన్ని సంగతులు దాచకూడదు.

టెస్ట్ నెట్‌వర్క్‌లో డిప్లాయ్‌సీసీ అనే వెసులుబాటు ఉంది. అది నాలుగు మెట్లనూ ఒకే ఊపులో, ఇద్దరి తరఫునా తనే ఎక్కేస్తుంది. తొందరలో ఉన్నవాడికి మంచిదే. కానీ దాన్ని వాడితే నేను పైన చెప్పిన కథ మొత్తం ఎగిరిపోతుంది, పిల్లలకు ఆమోదం అన్న మాటే కనబడదు. నా ల్యాబులో అది నిషేధం. ఇంకో చిక్కు, టెస్ట్ నెట్‌వర్క్ రెండు సంస్థల తాళాలనూ (సంతకాలు పెట్టే రహస్య కీలు) ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే ఫోల్డరులో పెడుతుంది. బ్యాంకు లాకర్ రెండు తాళాలూ ఒకే జేబులో ఉన్నట్టు. నాలుగు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు మారిస్తే నేనే ఆర్గ్1, నేనే ఆర్గ్2. నిజంగా ఒప్పించుకోవాలంటే రెండు మెషీన్లు కావాలి. వాటిని నేను డాకర్ స్వార్మ్‌తో కలుపుతాను, వేర్వేరు మెషీన్లలోని కంటైనర్లను ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చేది అది. దానికి 2377, 7946, 4789 పోర్టులు తెరిచి ఉండాలి, కాలేజీ ఫైర్‌వాల్ చూసుకునే ఆయనతో ముందే మంచిగా ఉండండి.

సొంత తనిఖీలు అన్నాను కదా, వాటికీ హద్దుంది. తర్వాతి బ్యాచ్‌లో ఒక గుంపు తమ ప్యాకేజీలో ఒప్పందం వివరాలను లెడ్జర్ నుంచి అదనంగా చదివించింది. దాంతో ఆ పియర్ రీడ్ సెట్ (లెడ్జర్ నుంచి చదివిన వాటి జాబితా) వేరు, అవతలి పియర్ రీడ్ సెట్ వేరు. రెండు జవాబులూ కలవక న్యాయమైన లావాదేవీలు కూడా ఆగిపోయాయి. ఇన్‌పుట్‌ను మాత్రమే చూసే తనిఖీలైతే ఇబ్బంది లేదు. కోడ్‌లో మెషీన్ గడియారం చూసే టైమ్ నౌ వాడినా ఇదే గొడవ, లావాదేవీతో పాటు వచ్చే సమయాన్నే తీసుకోవాలి.

పైగా ఆ అమ్మాయి అడ్డుకోగలిగింది సంస్థలు రెండే కాబట్టి. అప్పటికే ఉన్న పాలసీ మెజారిటీ, ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ. చిట్టీలను రిజిస్టర్ చేసే రిజిస్ట్రార్‌ను మూడో సంస్థగా చేర్చిన రోజు కంపెనీ, రిజిస్ట్రార్ కలిసి సభ్యుల్ని దాటేసి పోయారు. సభ్యుల సంతకం తప్పనిసరి అని సిగ్నేచర్ పాలసీ విడిగా రాయించాల్సి వచ్చింది. ఫాబ్రిక్ దానంతట అది న్యాయం చేసి పెట్టదు, రాసుకున్న పాలసీని మాత్రం నిక్కచ్చిగా అమలు చేస్తుంది.

ఇన్‌స్టలేషన్ బాధలు క్లుప్తంగా. ఫాబ్రిక్ ఇమేజీలు దించుకునే డాకర్ హబ్, లాగిన్ లేకుండా ఆరు గంటలకు 100 పుల్స్ (డౌన్‌లోడ్లు) దాకానే ఇస్తుంది, అదీ ఐపీ లెక్కన. కాలేజీ మొత్తం ఒకే ఐపీ వెనక ఉంటే ల్యాబు సగం అవకముందే ఆ కోటా ఖాళీ. ఇమేజీలు ఒకసారి దించి, డాకర్ సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పంచండి. నోడ్ (జావాస్క్రిప్ట్)లో రాసిన చైన్‌కోడ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌పీఎమ్‌తో లైబ్రరీలు దించుకోవడానికి నెట్ అడుగుతుంది. గోలో రాసి లైబ్రరీలుండే వెండార్ ఫోల్డర్ ప్యాకేజీలోనే పెడితే ఆ టెన్షన్ లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ మెషీన్లలో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే వెసులుబాటు) మీద నడుస్తుంది కానీ నీరసంగా. అక్కడ లెడ్జర్ డేటాబేస్‌గా కౌచ్‌డీబీ జోలికి పోకండి, లెవెల్‌డీబీ చాలు.

మరి మీ క్లాసుకు ఫాబ్రిక్ తీసుకోవచ్చా? మా పిల్లలు అంతకు ముందే లినక్స్ ల్యాబు చేసి వస్తారు, ప్రాక్టికల్‌కు వరుసగా మూడు గంటలు దొరుకుతాయి, అందుకే మాకు కుదిరింది. గంట పీరియడ్లు, బ్రౌజర్ తప్ప ఏదీ నడవని మెషీన్లు ఉన్న కాలేజీకైతే బ్రౌజర్‌లోనే నడిచే రీమిక్స్ తెరిచి ఎథీరియం కోడ్ రాసే సాలిడిటీ భాష చెప్పడమే తేలిక. పిల్లలు కూడా చేసింది ఇంట్లో మళ్లీ చేసుకోగలరు. సంస్థల మధ్య ఒప్పందం అంటే ఏమిటో చూపించాలన్న పట్టుదల మీకుంటే మాత్రం ఫాబ్రిక్ కష్టం భరించదగ్గదే.

నేను 2023లో వచ్చిన 2.5 లోనే ఉన్నాను. 2024లో వచ్చిన 3.0 లో బైజాంటైన్ ఆర్డరింగ్ (కొందరు ఆర్డరర్లు మోసం చేసినా తట్టుకునే పద్ధతి) చూపించాలని ఆశ ఉంది. కానీ దాని టెస్ట్ నెట్‌వర్క్ నాలుగు ఆర్డరర్లను లేపుతుంది, మా మెషీన్లకు అది బరువు. ముందు రిజిస్ట్రార్‌ను మొదటి రోజు నుంచే మూడో సంస్థగా పెట్టి నడపాలి. దానికి 16 జీబీ మెషీన్లు కావాలని డిపార్ట్‌మెంట్‌కు రాసిచ్చాను, ఇంకా జవాబు రాలేదు.