కూర్చోబెట్టి నేర్పాలా, ఇంటి పనిలో కలపాలా, ట్రేలు సర్దాలా: ఏది మేలు?

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఇంట్లో ఏదైనా నేర్పాలంటే మూడు దారులున్నాయి. రోజూ ఒక వేళకు కూర్చోబెట్టడం, జరుగుతున్న ఇంటి పనుల్లోనే కలుపుకోవడం, చేతికందే ఎత్తులో పనికి కావలసిన వస్తువులతో ట్రేలు సర్ది వాళ్ళకే వదిలేయడం. లెక్కకూ మాటకూ ఇంటి పనిని మించింది లేదు. వేళ్ళ పనికి మాత్రం కూర్చోక తప్పదు.

కంచాలు పెట్టించడమే తీసుకోండి. "మనం నలుగురం, ఎన్ని కావాలి?" అని అడగండి. ఒకటి నుంచి పది దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. నోరు ముందుకు పోతుంది, వేలు వెనకబడుతుంది. ఒక్కో కంచాన్ని పక్కకు జరుపుతూ లెక్కపెట్టిస్తే ఆ తేడా తగ్గుతుంది. అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర పలికిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. అప్పుడు పది దాకా లాగకుండా మూడు, నాలుగు వస్తువుల దగ్గరే కొన్నాళ్ళు ఆగాలి. వర్క్‌షీట్‌లో ఈ సంగతి బయటపడటం కష్టం, అందులోని బొమ్మలు పక్కకు జరగవు కదా.

సాక్సులు జతచేయించడం కూడా ఇలాంటిదే. ఐదారు జతలు చాలు. గుట్టంతా ముందు పోస్తే జత వెతకడం మాని విసురుకోవడం మొదలవుతుంది.

ఈ పద్ధతిని చెడగొట్టేది ఎక్కువగా పెద్దవాళ్ళ తొందరే. బయటికి బయల్దేరే వేళ చెప్పుల జతలు లెక్కపెట్టించబోతే ఇద్దరికీ చిరాకే మిగులుతుంది. రోజులో తీరిక ఉండే పని ఒక్కటే ఎంచుకోండి. "ఇది ఏ రంగు? అది ఏ రంగు?" అని వరసగా అడిగితే పని కాస్తా పరీక్ష అయిపోతుంది. అడగడం తగ్గించి, "ఎర్ర చొక్కా మడతపెడుతున్నా, నీలం తువ్వాలు నువ్వు తీసుకో" అంటూ మాట్లాడటమే మేలు.

కూర్చోబెట్టే సమయాన్ని కత్తెరకూ క్రేయాన్‌కూ కేటాయించండి, పది నిమిషాలు చాలు. నిద్ర వచ్చే ముందు, ఆకలి వేళ వద్దు. మొనలు గుండ్రంగా ఉన్న పిల్లల కత్తెరే వాడాలి. మొదట మెత్తటి పిండిముద్దను పాములా చుట్టి ముక్కలు చేయించాలి. ఆ పిండికి రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె కలిపి, ముప్పావు కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. చేతికి అంటుకుంటే మైదా, పగిలితే నీళ్ళు. ఉప్పు ఎక్కువ కాబట్టి తిననివ్వకూడదు. తర్వాత రెండు సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి కాగితం పట్టీలు ఇవ్వండి, ఒక్క కత్తిరింపుతో తెగిపోవాలి. గీత వెంట కత్తిరించడం ఆ తర్వాత. బొటనవేలు పైకి ఉండాలి, పక్కకు తిరిగితే మోచెయ్యి గాల్లోకి లేస్తుంది. క్రేయాన్‌ను రెండు, మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇస్తే పిడికిలితో పట్టుకునే వీలుండదు, వేళ్ళే పనిచేస్తాయి. అక్షరాలు దిద్దించడం మాత్రం ఇక్కడికి తేవద్దు. గీత నిలవని చేతితో దిద్దిస్తే పలక చూస్తేనే ముఖం తిప్పుకుంటారు.

ఇక ట్రేలు. పెద్దవాళ్ళకు ఊపిరాడేది వీటితోనే, కానీ సర్దడంలో పొరపాట్లు ఎక్కువ. ఒకేసారి మూడు, నాలుగుకు మించి పెట్టొద్దు. ఒక్కో ట్రేలో ఒక్కటే పని. ఉదాహరణకు నీళ్ళు పోసే ట్రేలో పావు వంతు నీళ్ళున్న చిన్న జగ్గు, రెండు గ్లాసులు, తుడిచే గుడ్డ. జగ్గు నిండా పోస్తే బరువుకు మణికట్టు వాలి నేలంతా తడుస్తుంది. నీళ్ళ ట్రే దగ్గర పెద్దవాళ్ళ కన్ను ఉండాలి. ఇంట్లో మూడేళ్ళలోపు పసివాళ్ళుంటే, టాయిలెట్ పేపర్ రోల్ గొట్టంలోంచి జారిపోయే వస్తువేదీ ట్రేలోకి రాకూడదు, గొంతులో ఇరుక్కునే ప్రమాదం. వారం దాటినా ముట్టని ట్రే తీసేసి, నెల తర్వాత మళ్ళీ పెట్టి చూడండి. అప్పటికీ ముట్టకపోతే అందులోని పని మరీ సులువైనా అయ్యుండాలి, మరీ కష్టమైనా.